పాట నడుస్తుంటే మాట్లాడినవాడు

గ్రోనింగెన్,
క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు

ఒరేయ్ యోరిట్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేస్తే ఏదో ఒకటి చెప్పి నవ్వించి తప్పించుకుంటావు, అందుకే ఉత్తరం.

ప్రతి డిసెంబరులాగే మన ఊరి పత్రికలో, ఈ ఏడు నీకు నచ్చిన పాటలూ కచేరీలూ రాశావు. సైకిల్ షాపు మేడ మీద పాడిన ఆ అక్కచెల్లెళ్ళకే మొదటి స్థానం అన్నావు. ఒప్పుకుంటాను, వాళ్ళ గొంతులు కలిసినప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది. కాలవలో పడవ మీద అకార్డియన్ వాయించిన ముసలాయన గురించీ బాగా రాశావు. ఏ కంపెనీ అండా లేకుండా వంటింట్లో రికార్డు చేసుకునే మాలాంటి వాళ్ళ గురించి నువ్వు కాక ఇంకెవరు రాస్తారు? అక్కడిదాకా నీమీద ప్రేమే.

చివర్లో ఏం రాశావు? "మన ఊరి జనానికో జబ్బు. టికెట్ కొనుక్కుని వచ్చి, బీరు పట్టుకుని, పాట నడుస్తున్నంతసేపూ కబుర్లు చెప్పుకుంటారు. సిగ్గుండాలి." ఎవరికిరా సిగ్గుండాలి? నవంబరులో నా కచేరీలో బార్ దగ్గర నిలబడి వాగిందెవరు? అమ్మ పోయాక రాసుకున్న పాట అది. గిటారు పక్కన పెట్టి ఒట్టి గొంతుతో పాడుతున్నాను. గది మొత్తం, అదీ మన ఊళ్ళో, నోరు మూసుకుని వింటోంది! ఒక్క గొంతు మాత్రం ఆగదే. లైట్లు కళ్ళలో కొట్టి మనిషి కనబడకపోతే మాత్రం నీ గొంతు నాకు తెలియదా? పాట ఆపేశాను. "బార్ దగ్గర మాట్లాడేవాళ్ళు బయటికి పొండి, తలుపు అక్కడుంది" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. కాసేపటికి తలుపు చప్పుడైంది. మిగతా పాట ఎలా పాడానో నాకే తెలీదు.

ఆ కచేరీ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. మా నాన్నంటే సరే, షిప్‌యార్డు మనిషి, "అదీ ఒక పనేనా" అంటాడు, ఒక్కసారీ రాలేదు. ఆయన రాకపోతే ఓర్చుకున్నాను. నువ్వు వచ్చి మరీ వాగావు. మార్చిలో ఒప్పుకున్న కచేరీ మానేస్తున్నాను. ఇక పాడను.

రెన్స్కె


రెన్స్కె,

తిట్టు, పడతాను. మాట్లాడింది నేనే. ఎవరితో మాట్లాడానో అడగవేం?

మీ నాన్నతో. తనే టికెట్ కొనుక్కుని, కొత్త కోటు వేసుకుని వచ్చాడు. "నేనొచ్చానని దానికి చెప్పకు, బెదిరిపోతుంది" అన్నాడు. షిప్‌యార్డు మోతలో పాడైన చెవులు ఈ ఏడు చాలావరకు పోయాయట, ఎవరికీ చెప్పలేదు. ఆ గదిలో చెవి మిషన్ కీచుమంటోందని తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఏమంటోందిరా అది?" అని అడిగాడు. నీ పాట ఒక్కో వరసా ఆయన చెవిలో అరిచి చెప్పాను. అరవక ఏం చెయ్యనే? మీ అమ్మ సైకిలు మాట వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని "మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెబుతుంటేనే నువ్వు ఆపేశావు.

"ఇప్పుడేమంది?" అన్నాడు. "మిమ్మల్ని చూసింది, వచ్చినందుకు సంతోషం అంటోంది" అన్నాను. జనం చప్పట్లు కొడుతున్నారుగా, తనకే అనుకుని టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడు. పాట అయిపోయిందని చెప్పి బయటికి తీసుకొచ్చేశాను. సగం విన్న కచేరీ గురించి ఏమని రాయను? నాకూ కోపమే, నీకొక్కదానికే కాదు.

యోరిట్


నాన్నా,

ఫోన్లో నా మాట వినబడడం లేదని ఎందుకు చెప్పలేదు? అన్నిటికీ "సరే, సరే" అంటుంటే నన్ను లెక్కచెయ్యడం లేదని ఏడాదంతా ఉడికిపోయాను. నీమీద చాలా కోపంగా ఉంది.

ఈ కాగితం వెనక పాట మొత్తం పెద్ద అక్షరాలతో రాశాను. అమ్మ సైకిలు గురించి ఇంకో వరస ఉంది, ఆ రోజు అది నీదాకా రాలేదు. మార్చిలో పాడుతున్నాను. నీకు బార్ దగ్గర కాదు, ముందు వరసలో కుర్చీ. పక్కన యోరిట్ కూచుని అరుస్తాడు. ఎవరైనా మిమ్మల్ని "ష్" అన్నారో, తలుపు ఎక్కడుందో వాళ్ళకి నేను చూపిస్తాను.

నీ
రెన్స్కె