తలుపు వెనక సంచి పంపకం

నీటి సరఫరా శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన నేను, డెబ్భై రెండేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, స్వదస్తూరీతో ఈ వీలునామా రాస్తున్నాను. పోయిన ఏడాది కాలం చేసిన నా భార్యకు ఇప్పటికీ మాత్రలు కొనుక్కొస్తున్నానని కోడలు అంటుంది. అది అలవాటు. మతి చలించడం కాదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా బావమరిదికి అప్పగిస్తున్నాను. వాళ్ళక్క మాట తప్ప ఎవరి మాటా వినని మనిషి. ఇది వాళ్ళక్క పని అనుకుని చేస్తాడని నమ్మకం.

2. నేనూ, అబ్బాయి కుటుంబమూ ఉంటున్న ఫ్లాటు అబ్బాయికి చెందుతుంది. ఎదురు ఫ్లాటు నా భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి జీతంతో కొన్నది. ఆమె తర్వాత నాకు సంక్రమించింది. అందులో ఉంటున్న అమ్మాయికే అది చెందుతుంది. ఈ విషయంలో తగాదా లేదు. తగాదా అంతా సంచి గురించే.

3. ఆ సంచి సంగతి బావమరిదికి పూర్తిగా తెలియదు కనుక రాస్తున్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ప్రమాద సమయాల గురించి శిక్షణ ఇచ్చాక నా భార్య ఒక అత్యవసర సంచి సర్ది మా తలుపు వెనక తగిలించింది. టార్చి, విజిల్, నైలాన్ తాడు, చేత్తో తిప్పే రేడియో, గాజుగుడ్డ, మడత చాకు, ప్లాస్టిక్ పట్టా, బిస్కెట్లు. వాడకుండా దాస్తే అన్నీ పాడైపోతాయని ఆవిడ అభిప్రాయం. అందుకని అన్నీ వాడాం. తాడు మీద బట్టలు ఆరేశాం. టార్చితో సోఫా కింద కమ్మల శీలలు వెతికాం, పిల్లల గొంతులు చూశాం. చాకుతో కుక్కరు పిడి బిగించాం. నియమం ఒక్కటే: “తీసినవాళ్ళే తిరిగి పెట్టాలి, దీపాలు పెట్టే వేళకి.”

ఒకరోజు గ్యాసు వాసన వస్తోందని బిల్డింగంతా కిందికి దిగింది. నేను సంచి పట్టుకుని పరుగెత్తాను. రోడ్డు మీద తెరిస్తే బిస్కెట్లు, ఆవిడ పాత చెప్పులు ఉన్నాయి. మిగతావన్నీ ఇంట్లో పనుల మీద ఉన్నాయి. ఆవిడ నడుము పట్టుకుని నవ్వింది. బిస్కెట్లు అందరికీ పంచింది. ఆ నవ్వు విన్నందుకు ఆ గ్యాసు పైపుకు కూడా నేను రుణపడి ఉన్నాను.

4. మొదటి అంతస్తు ఆడిటరు గారు సంచిని చూసినప్పుడల్లా “ప్రళయం ఎప్పుడో మాకూ చెప్పండమ్మా” అనేవారు. లిఫ్టులో ఇరుక్కున్నప్పుడు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు. ఆయనకు విజిల్ ఇస్తున్నాను. నా భార్యను ఆస్పత్రికి తీసుకెళ్ళిన కారు ఆయనదే. అదీ మరిచిపోలేదు.

5. రేడియో కోడలికి. అత్తాకోడళ్ళు వంతులవారీగా పిడి తిప్పుతూ, కూరగాయలు తరుగుతూ వినేవారు. “నా చెయ్యి నొప్పి, ఇక నువ్వు తిప్పు తల్లీ” అనే మాట ఈ ఇంట్లో ఇప్పుడు వినపడదు. చివరి నెలల్లో నా భార్యకు తల దువ్వింది ఈ కోడలే. రేడియో ఆ సేవకు సరిపోదని తెలుసు.

6. మడత చాకు బావమరిదికి.

7. ప్లాస్టిక్ పట్టా మీద నల్ల మచ్చలుంటాయి. బాల్కనీలో అది పరిచి ఆవిడ జుట్టుకు నేను రంగు వేసేవాణ్ణి. దాన్ని ఎవరికీ ఇవ్వడం లేదు. నా తర్వాత పారేయవచ్చు.

8. పైన ఇచ్చేసిన విజిల్, రేడియో, చాకులకు బదులు కొత్తవి కొని సంచిలో పెట్టాను. ఆవిడ నియమం నాకూ వర్తిస్తుంది.

9. ఇక సంచి. తల్లి పోయిన కొద్ది రోజులకు అబ్బాయి వేలు తెగి, ఎప్పటిలాగే గాజుగుడ్డ తీసుకున్నాడు. అమ్మాయి చూసింది. “అమ్మ సర్దింది సర్దినట్టే ఉండాలి, ముట్టుకోకు” అంది. వాడు “అమ్మేమన్నా మ్యూజియం పెట్టిందా?” అన్నాడు. అమ్మాయి సంచి తన ఇంటికి పట్టుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పటినుంచి ఎదురెదురు తలుపుల వాళ్ళకు మాటల్లేవు.

మొన్న సాయంత్రం కరెంటు పోయినప్పుడు అమ్మాయి టార్చి తీసింది. బ్యాటరీలు కారిపోయి వెలగలేదు. నా గుమ్మంలో నిలబడి “పాడు చేశాను నాన్నా” అంది. టార్చి విప్పి నిమ్మరసంతో తుడిచాను, గడియారాల మెకానిక్కు తుప్పు గీకి ఇచ్చాడు. వెలుగుతోంది. సంచి నాకిచ్చి వెళ్ళింది కానీ, తమ్ముడితో ఇంకా మాట్లాడలేదు.

కాబట్టి నా నిర్ణయం ఇది. సంచి అమ్మాయికి చెందుతుంది. ఆమె తలుపు వెనక, తాళం లేకుండా, తగిలించి ఉండాలి. లోపలి వస్తువులు ఇద్దరికీ ఉమ్మడి. ఏది కావాలన్నా అబ్బాయి అక్కను అడిగి తీసుకోవాలి, చీకటి పడేలోగా తనే తిరిగి ఇవ్వాలి. నన్ను సాగనంపి వచ్చిన రోజే మొదటిసారి అడగాలి. అవసరం లేకపోయినా సరే, ఏదో ఒకటి.

బావమరిదీ, నువ్వు ఆ రోజు మెట్ల దగ్గర నిలబడు. వాడు తలుపు కొట్టాక అమ్మాయి తీస్తే, ఈ వీలునామా అమలైనట్టే.

జూన్ పదకొండు, ఆదివారం.

సంతకం: వీలునామాదారు

సాక్షులు:
గడియారాల మెకానిక్కు
మొదటి అంతస్తు ఆడిటరు (నాలుగో అంశం చదివి, నవ్వి, సంతకం చేశారు)