జాలి పక్క టైలు

ఆగస్టు 12, మంగళవారం

ఆయన దగ్గు తగ్గింది. కోడలి జ్వరం దిగింది. పంజాగుట్టలో అక్క తుంటి ఆపరేషన్ తర్వాత కర్ర పట్టుకుని నడుస్తోందట. నాకే గుండె దడ.

అక్క మా ఇంట్లో కొన్నాళ్లు ఉండటానికి వస్తుందనే బాత్రూంలో టైల్స్ మార్పిస్తున్నాం. అమీర్‌పేట షాపులో టైలు మీద నీళ్లు పోయించి, చెప్పులు విడిచి నిలబడి చూసి, జారనిది ఎంచాను. "అత్తమ్మా, టైల్స్ కొంటున్నరా, తానం చేస్తున్నరా?" అని కోడలు ఒకటే నవ్వు.

ఈ రోజు మేస్త్రీ యాదయ్య కింద టైల్స్ పరిచి పోతూ, "రేపటిదాక అడుగు పెట్టకు పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఫికర్ ఆగుతుందా? వాలు సరిగ్గా ఉందో లేదోనని, అతను పోగానే లోపలికి వెళ్లాను. నీళ్లు పోయే జాలి పక్క టైలు నా కాలి కింద దిగిపోయింది. వేళ్లతో లేపబోతే ఇంకా కుంగింది. తలుపు మూసి వచ్చేశాను.

అక్కడ నీళ్లు నిలుస్తాయి. అక్క కర్ర జారితే? యాదయ్య నంబరు కోడలి దగ్గరే ఉంది. అడిగితే ఎందుకంటుంది. పొద్దున అతను రాగానే చెప్పాలి, కోడలు ఎదురుగా ఉన్నా సరే...

ఇందాక అక్క ఫోన్ చేసింది. "ఆదివారం, పదిహేడో తారీఖు పొద్దుగాల్నే వస్తున్న చెల్లే. తానం నీ ఇంట్లనే."