మళ్లీ మొదటి నుంచి

అక్కా,

ఇది చదవగానే ఫోన్ చేయకు. ఫోన్‌లో అడిగితే "ఏం లేదక్కా" అంటాను, నువ్వు నమ్మేస్తావు. కాగితం మీద నాకు అబద్ధం రాదు.

లిఫ్టులు బాగుచేసే నా కాబోయే ఆయన, అదే, నువ్వు "లిఫ్టాయన" అనే మనిషీ, నేనూ నలభై రోజులు కలుసుకోకూడదని అనుకున్నాం. అనుకున్నాం అనడం కూడా సరికాదు. అడిగింది నేను. అదీ నోటితో కాదు. చీటీ రాసి అతని పనిముట్ల సంచిలో, స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టాను. మాటలు వద్దు, మెసేజ్‌లు వద్దు, నలభై ఒకటో రోజు సాయంత్రం ఐదింటికి నేను పనిచేసే గ్రంథాలయం మెట్ల దగ్గర కలుద్దాం అని. కారణం రాయలేదు.

నీకు చెబుతాను. పెళ్లయ్యాక ఉండటానికని ఆదివారం ఒక ఇల్లు చూశాం. ఇంటావిడ నావైపే చూస్తూ, "నీకు నచ్చిందా అమ్మా?" అంది. నేను ఊపిరి తీసుకున్నాను. ఆ కాస్త వ్యవధిలోనే అతను, "తనకి బాగా నచ్చిందండీ" అనేశాడు. అక్కా, ఆ వంటగదికి కిటికీ లేదు.

అతను చెడ్డవాడు కాదు. నేను తడబడితే చూడలేక మాట అందిస్తాడు. రెండేళ్లుగా నా వాక్యాలన్నీ అతనే పూర్తిచేస్తున్నాడు. హోటల్లో నాకేం కావాలో, సినిమా ఎలా ఉందో, నాకు చలేస్తోందో లేదో అన్నీ అతనే చెబుతాడు. మొదట్లో హాయిగానే ఉండేది. నోట్లో నాలుక లేని పిల్లనని, నత్తనని మీరంతా అనేవారుగా, నాకో నాలుక దొరికిందనుకున్నాను. ఆ రోజు మాత్రం ఆ వంటగదిలో నేను లేననిపించింది.

ఈ నలభై రోజుల్లో ఒక్క విషయమైనా చివరిదాకా నా నోటితో చెప్పడం నేర్చుకోవాలి. చేతకాకపోతే ఈ పెళ్లి వద్దు.

అమ్మకి చెప్పకు.

నీ నత్త


బంగారు అక్కా,

నవ్వితే నవ్వు. నేను మాట్లాడుతున్నాను, రోజూ రెండు గంటలు, గొంతెత్తి!

మా గ్రంథాలయం పై అంతస్తులో, చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గది ఉంది. చదివే ఆవిడ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. నేను ఏదో పుస్తకం ఇవ్వడానికి వెళ్తే, రికార్డింగ్ చూసుకునే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, నువ్వు చదవగలవా అని అడిగాడు. నా బదులు జవాబు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. "చదువుతాను" అన్నాను. ఆ మాట విని నేనే ఉలిక్కిపడ్డాను.

కాన్వెంట్‌లో సిస్టర్ నన్ను బెంచీ ఎక్కించి, వెనక గోడకి వినపడేలా చదవమనేది గుర్తుందా? ఇక్కడ గోడలన్నీ స్పాంజే. ఎంత చదివినా తాగేస్తాయి.

ఇక్కడో పద్ధతుంది. తప్పు చదివితే ఆగి, ఒక్కసారి చప్పట కొట్టాలి. తర్వాత దిద్దేవాళ్లకి అదే గుర్తు. ఆ వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదవాలి, మధ్యలో అందుకోకూడదు. మొదటి రోజు తప్పు చేసినప్పుడల్లా నేను "సారీ అండీ" అంటుంటే పెద్దాయన తల పట్టుకున్నాడు. "అమ్మాయ్, నీ సారీలు కత్తిరించడానికే నా ఉద్యోగం సరిపోయేలా ఉంది" అన్నాడు. ఇప్పుడు చప్పట కొడతాను, అంతే.

అసలు సంగతి ఇది. నిన్న చదువుతుంటే బయట ఒకటే బాదుడు. పెద్దాయన వెళ్లి, లోపల చదువుతున్నారని చెప్పి ఆ పని ఆపించి వచ్చాడు. రెండు గంటలయ్యాక తలుపు అద్దంలోంచి చూశాను. మెట్ల మీద, సంచి ఒళ్లో పెట్టుకుని అతను. లిఫ్టు బాగుచేయడానికి వచ్చాడట. నన్ను చూసి నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. అది అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు. పరిగెత్తుకు వెళ్దామనిపించింది. వెళ్లలేదు. ఇంకా పదమూడు రోజులున్నాయి.

నీ నత్త


అక్కా, నా అక్కా,

ఇంటికి వస్తూనే చెప్పులైనా విప్పకుండా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

ఇవాళ నేను ఐదింటికి మెట్ల దగ్గరికి వెళ్తే అతను నాలుగింటికే వచ్చి నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకుంటూ కోసుకున్న కొత్త గాటు. "ఆ రోజు ఇల్లు..." అన్నానో లేదో, "తెలుసు, ఇరుకని కదా, ఇంకా పెద్దది చూశాను" అని అందుకున్నాడు.

చప్పట కొట్టాను. మెట్లు దిగుతున్న ముగ్గురు ఆగి మరీ చూశారు. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

"ఆ రోజు ఇల్లు నాకు నచ్చలేదు. వంటగదికి కిటికీ లేదు. ఆవిడ నన్ను అడిగితే నువ్వు చెప్పావు. నా మాటలన్నీ నువ్వే మాట్లాడుతుంటే నేను లేనట్టుంటుంది. ఇలాగే అయితే నిన్ను పెళ్లి చేసుకోను."

చివరి మాట దాకా చెప్పాను.

"ఇంకెవరో ఉన్నారనుకున్నాను. నలభై రోజులూ అదే. కిటికీ అని తట్టలేదు" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మెట్ల మీద కూర్చున్న రోజున, లోపల చదివింది నేనేనని పెద్దాయన చెబితే నమ్మలేదట. అప్పటిదాకా నేను మాట్లాడలేక ఇబ్బంది పడుతున్నాననీ, తను సాయం చేస్తున్నాడనీ అనుకున్నాడట. ఇంత బాగా చదివే మనిషి తన దగ్గరే ఎందుకు తడబడుతుందా అని ఆ రాత్రంతా నిద్రపోలేదట.

పక్కనే ఉన్న టీ కొట్టుకి వెళ్లాం. "తనకి టీ, చక్కెర తక్కు..." అని ఆగిపోయాడు. ఒక్కసారి చప్పట కొట్టాడు. టీ కొట్టాయన గిన్నె పట్టుకుని అలాగే చూస్తున్నాడు. అతను నావైపు తిరిగాడు.

"నీకేం కావాలి?"

అక్కా, నాకు తెలియలేదు. రెండేళ్లుగా ఎవరూ అడగలేదు కదా. ఆలోచించాను. వెనక నలుగురు చేరారు. ఒకాయన దగ్గాడు. కొట్టాయన "చెప్పమ్మా, మరుగుతోంది" అన్నాడు. అతను మాత్రం పెదవి కదపలేదు. చెవులు ఎర్రబడ్డాయి గానీ కదపలేదు.

"కాఫీ. చక్కెర ఎక్కువ" అన్నాను.

ఆదివారం ఇల్లు వెతకడానికి వెళ్తున్నాం. తలుపు తట్టేది నేను.

అమ్మకి ఇప్పుడు కూడా నువ్వు చెప్పకు. నేను చెబుతాను.

నీ చెల్లి