నీ మల్లెపాదుకు నీళ్లు

అవ్వా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది నిండింది. ఈ మాటలు నీకు చేరవని తెలుసు. అయినా నీ మల్లెపాదు సంగతి నీకు చెప్పకుంటే నా మనసు ఊకోదు.

రోహిణికార్తె మండుతున్నది. మన కంఠేశ్వర్‌ల బావులన్నీ అడుగంటినయి. నీ మల్లె ఆకులు ముడుసుకపోయినయి. నేనేమో ఎడపల్లికెల్లి వస్తూ బండి మీదికెల్లి పడి, కాలు విరిగి అరుగు మీద మంచం పట్టిన. బాపుకు నడుము వంగది, బకీటు మోయలేడు. ఇగ మిగిలింది చెల్లె. ఆమె ముట్టయి వాకిట్ల ఓ మూలకు కూసున్నది. ఆ దినాలల్ల పూలచెట్టును ముట్టుకుంటే ఎండిపోతదని నువ్వే చెప్తుంటివి, బాపు ఇంకా గదే మాట పట్టుకొని ఉన్నడు.

"ముట్టుకోకున్నా ఎండుతనే ఉన్నది గద!" అని బాపు మీద లేసిన. మూఢనమ్మకాలు వద్దనే కరపత్రాలల్ల చదివిన మాటలన్నీ ఒక్కటి విడువకుండ వినిపించిన.

"అయితే గా కాయితాలే పిండి పొయ్యిరాదుర పాదుకు," అన్నడు బాపు.

ఇయ్యాల పొద్దుగూకంగ బాపు గోలెంలకెల్లి చెంబుతోని ముంచి ముంచి బకీటు నిండ నీళ్లు పోసిండు. దాన్ని కాలుతోని మెల్లగ చెల్లె దిక్కు నూకిండు.

"నేను పండుకుంట. కండ్లు మూసుకుంటే నాకేం కనవడది," అని నా పక్కనే అరుగు మీద ఒరిగి గురక మొదలువెట్టిండు. బాపుకు గురక అలవాటు లేదని నీకెరికే.

నేను ఇంకో మాట అనవోయిన. చెల్లె బకీటు లేవట్టుకుంట నన్ను నోరు మూసుకొమ్మని సైగ చేసింది. నేను గూడ కండ్లు మూసుకొని గురక అందుకున్న. ఎండిన పాదు నీళ్లు గుంజుకునే సప్పుడు మాకిద్దరికీ వినవడ్డది.