మంచు కరిగే లోపు

మార్చి 3
ఓడ ఆగింది. కింద పదకొండు వందల మీటర్ల నీళ్లు, ఆ కింద బురద. ఆ బురదలో మీథేన్ గ్యాస్ మంచులా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని పైకి తేవడమే మా పని. ల్యాబ్‌లో నేను. డెక్ మీద ఫోర్‌మన్ మా చిన్నాన్న. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. నలుగురిలో నన్ను మేడమ్ అంటాడు. ఎవరూ లేకపోతే, ఏమే పిల్లా.

మార్చి 5
అడుగు బురదలోకి గుచ్చిన నాలుగు గొట్టాలు పైకి తీశాం. నాలుగింట్లోనూ ఉత్త బురదే. తొందర నీకేగానీ సముద్రానికి లేదే అన్నాడు చిన్నాన్న.

మార్చి 6
దొరికింది! తెల్లటి గడ్డలు. నేను సర్దుకునేలోపే బుసబుసమంటూ కరిగిపోయాయి. అరచేతిలో పట్టేంత ముక్క మాత్రం మిగిలింది. రేపు ఒక్క గడ్డ కూడా పోనివ్వను.

మార్చి 7
రాయలేను.

మార్చి 8, ఉదయం
రాయాలి.
గొట్టం పైకి రాగానే లోపలి గ్యాస్ ఉబ్బుతుంది. ముందు డ్రిల్‌తో చిల్లులు పెట్టి దాన్ని వదిలెయ్యాలి. అది నా పని. నిన్న రెండు గొట్టాలు వెంటవెంటనే వచ్చాయి. మొదటిదాంట్లో గడ్డలు కరిగిపోతున్నాయి. అవి కరగకుండా ఏరి లిక్విడ్ నైట్రోజన్‌లో వేస్తున్నాను. ముందు ఆ రెండోదానికి చిల్లులు పెట్టవే అన్నాడు చిన్నాన్న. ఒక్క నిమిషం అన్నాను. ఆయనే డ్రిల్ అందుకుని వంగాడు. గొట్టం మూత ఎగిరొచ్చి, హెల్మెట్ అంచు కింద కణతకి తగిలింది.
హెలికాప్టర్ రావడానికి గంటన్నర పట్టింది. నన్ను ఎక్కించుకోలేదు. చోటు లేదన్నారు.

మార్చి 9
చిన్నాన్న పోయాడు.
మూతలో లోపమని రిపోర్టు రాద్దాం, నీకు జరిగింది చాలదా అన్నాడు మా చీఫ్. దయతోనే అన్నాడు. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను.

మార్చి 15
అది ఎలా జరిగిందో పిన్నికి ఎవరో చెప్పేకంటే నేనే చెప్పాలనుకున్నాను. నేను ఇంటికి వెళ్లేసరికి చిన్నాన్న చొక్కాలు మడతపెడుతోంది. చెప్పాను, ఆ ఒక్క నిమిషంతో సహా. ఆమె చేతులు ఆగలేదు. నొప్పి తెలిసిందా ఆయనకి అని అడిగింది. తెలియలేదన్నాను. నిజానికి నాకు తెలియదు. ఇన్నేళ్లూ నీకు జడ వేసిన చేతులే ఇవి అంది. ఆఖరి చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇక ఈ ఇంటికి రాకు అంది. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మార్చి 22
రాజీనామా ఇచ్చాను.

ఏప్రిల్ 11
పిన్ని ఫోన్ చేసింది. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరిలో ఎవరమూ పెట్టెయ్యలేదు.