ఇంజిన్ కడుపులో పాల టీ

జుమగలి బావకి,

నడుం వైద్యానికంటూ నగరానికి పోతూ పడవ ఇంజిన్ నా నెత్తిన పెట్టావు. చలికాలానికి సిద్ధం చేసి దాచుదామని కింది స్క్రూ విప్పి గేరు నూనె దించాను. ఛీ! పాల టీ రంగులో, కుళ్ళిన చేప కంపుతో కారింది. నీళ్ళు చొరబడకుండా ఆపే సీలుకి వల దారం చుట్టుకుని లోపలికి నీళ్ళు దిగాయి. వేసవంతా తెలిసే నడిపావు కదూ? తలుచుకుంటే రొట్టె సహించడం లేదు.

బల్ఖాష్ సరస్సు అంచున మంచు కడుతోంది. లోపలి తడి గడ్డకట్టి ఇంజిన్ పగిలిందంటే వసంతంలో మన రెండిళ్ళకీ వేట లేనట్టే. ఇంజిన్ దాచడానికి ఊళ్ళో వెచ్చటి కొట్టుగది ఉన్నది తాస్‌బొలాత్ తాతకే. చోటు అడగడానికి ఆయన్ని ఇంటికి పిలిచి, నీ నిర్వాకం చూపిద్దామని ఆ నూనెని టీ గిన్నెలో అంచుదాకా పోసి ముందు పెట్టాను. తాగబోతే చెయ్యి పట్టుకుని నవ్వుదామనుకున్న మాటా నిజమే.

తాత ముఖం మాడిపోయింది. "మర్యాద తెలిసినవాడు అతిథికి సగం గిన్నే పోస్తాడ్రా. నిండా పోశావంటే లేచి పొమ్మనేగా?"

"అది టీ కాదు తాతా, ఇంజిన్ నూనె!"

"ఓహో, విషం పెట్టి మరీ సాగనంపుతున్నావా?"

కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. రెండుసార్లు వెళ్ళినా నాకు తలుపు తియ్యలేదు. నువ్వే ఆయనకి రెండు ముక్కలు రాసి బతిమాలు.

అందాకా ఇంజిన్ మా పొయ్యి పక్కనే ఉంది. ఆ కంపు భరించలేక మా ఆవిడ, "అదో నువ్వో, ఒక్కరే ఇంట్లో ఉండండి" అంది. ఈ ఉత్తరం గుర్రాల కొట్టంలో కూర్చుని రాస్తున్నాను.

నీ బావమరిది