వెబ్‌సైట్‌లో అక్క నంబరు

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. నీకు దగ్గు వచ్చిందనీ, తగ్గిందనీ కూడా నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే మొదటి మాటకే నాకు ఏడుపొస్తుంది, రెండో మాటకి నీకు కోపం వస్తుంది. అందుకని కాగితం పట్టుకున్నాను.

దుకాణానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కుట్టుమిషన్ రిపేరు అని ఫోన్లో వెతికితే పక్క వీధిలో కొత్తగా పెట్టినవాళ్ళు ముందు కనిపిస్తున్నారట, మనం ఎక్కడో అడుగున ఉన్నామట. వెబ్‌సైట్లు బాగుచేసే ఒకాయన్ని పిలిపించాను. కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని, నువ్వు తయారుచేసిన మన వెబ్‌సైట్‌ని తిరగేశాడు.

"బోర్డు మీద ఒక నంబరు, మ్యాపులో అదే నంబరు, ఇందులో మాత్రం వేరేది. వెబ్‌సైట్‌లో ఉన్నదీ దుకాణంలో ఉన్నదీ ఒకటే కావాలండీ, లేకపోతే వెతికేవాళ్ళకి మీరు దొరకరు. ఇంతకీ ఈ నంబరు ఎవరిది?" అన్నాడు.

"మా అక్కది."

"ఆవిడ ఇక్కడే పనిచేస్తారా?"

ఆలోచించుకుని చెబుతానన్నాను. అడిగినదానికీ నేను చెప్పినదానికీ పొంతన కుదరక ఆయన నన్ను వింతగా చూశాడు.

ఆ నంబరు సంగతి నాకు ముందే తెలుసక్కా. దుకాణం మూసేసి నువ్వు ఉద్యోగం చేసే ఊరికి వచ్చెయ్యమని నువ్వు, చచ్చినా రానని నేను, పంతాలకి పోయి మాటలు మానేశామా. ఆ తర్వాత ఒకావిడ మిషన్ మోయించుకుని వచ్చింది. "కుట్లు తప్పుతోందండీ. మీ వెబ్‌సైట్‌లో నంబరుకి ఫోన్ చేస్తే సూది తిరగేసి పెట్టారేమో చూడమన్నారు. అయినా కుదరకపోతే మా చెల్లి దగ్గరికి తీసుకెళ్ళండి, చప్పుడు వినే జబ్బు చెప్పేస్తుంది అన్నారు" అంది. మా చెల్లి అన్నావట. ఆ తర్వాత చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కోసం దుకాణమంతా వెతికాను.

అప్పట్నుంచీ వచ్చినవాళ్ళని గుచ్చి గుచ్చి అడగడమే నా పని. ఆవిడ ఇంకేమన్నారు, గొంతెలా ఉంది, నవ్వారా? ఉద్యోగి మీద నిఘా పెట్టాననుకుని ఒక పెద్దాయన, "పాపం, మర్యాదగానే మాట్లాడారమ్మా, ఏమీ అనకండి" అని నీ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. నీ దగ్గు సంగతి కూడా ఇలా వచ్చిందే. రోజంతా తలుపు వైపే చూస్తూ కూర్చునేదాన్ని, నీ కబురు ఎవరు మోసుకొస్తారా అని.

కానీ మొన్న వచ్చినావిడ, నువ్వు గుసగుసగా మాట్లాడావనీ, వెనక ఎవరో నిన్ను కసురుకున్నారనీ చెప్పింది. నా వల్ల నువ్వు ఆఫీసులో మాట పడుతున్నావన్నమాట. నా బెంగ తీర్చుకోవడానికి నీ ఉద్యోగం మీదికి తెచ్చాను. అందుకే ఆ వెబ్‌సైట్ ఆయన్ని పిలిచి, సోమవారం నంబరు మార్చెయ్యమన్నాను. ఇక నీకెవరూ ఫోన్ చెయ్యరు, నీ కబుర్లూ నాకు రావు. నువ్వు బాగా గుర్తొస్తున్నావక్కా.

నీ చెల్లి

*

ఒసే మొండీ,

వెబ్‌సైట్ తయారుచేసినదాన్ని, నంబరు మార్చడం నాకు చేతకాదనుకున్నావా? పాస్‌వర్డ్ ఇప్పటికీ నా దగ్గరుంది. మార్చలేదు, అంతే. ఎవరైనా మిషన్ చెడిపోయిందని ఫోన్ చేస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. బాగయ్యాక మళ్ళీ చేసి చెప్పండి అని బతిమాలేదాన్ని. చేసేవాళ్ళు. నువ్వు చిక్కిపోయావనీ, పొద్దు వాలాక గానీ అన్నం తినడం లేదనీ వాళ్ళే చెప్పారు. నిఘా నువ్వొక్కదానివే పెట్టావనుకున్నావు.

సోమవారం నుంచి నా ఫోన్ మోగలేదు. కసిరేవాళ్ళు కూడా లేక ఆఫీసు చప్పగా ఉంది. ఉండబట్టలేక ఆఫీసు ఫోన్ నుంచి కొత్త నంబరుకి చేశాను. నువ్వే ఎత్తావు. "చెప్పండి, మిషన్‌కి ఏమైంది?" అన్నావు. వెంటనే పెట్టేశాను. ఆ గొంతు విన్నాక దుకాణం మూసెయ్యమని నిన్ను ఇంకెప్పుడూ అనను.

ఇంకోటి. ఆదివారం సెలవని వెబ్‌సైట్‌లో ఉంది కదా, అది మార్చాను. ఈ ఆదివారం పొద్దున్నే తెరుస్తారని పెట్టాను. వెబ్‌సైట్‌లో ఉన్నదీ దుకాణంలో ఉన్నదీ ఒకటే కావాలని ఆ స్టూలాయన చెప్పాడుగా. తలుపు తీసి ఉంచు. నా మిషన్‌కి దారం తెగుతోంది, మోసుకొస్తున్నాను.

ఇట్లు,
ఫోన్లో ఆవిడ